మూడు గడుల్లో పట్టని మా ఊరి కోడ్: కాలర్ ఐడీ పెట్టెపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

వినియోగదారుల ఫిర్యాదుల విభాగాధికారి గారికి,

విషయం: ఇంటి ల్యాండ్‌లైన్‌కు అమర్చే, ఫోన్ చేసినవారి నంబరును తెరమీద చూపే మీ కాలర్ ఐడీ పెట్టె మా ఊరి ఎస్‌టీడీ కోడ్‌ను స్వీకరించకపోవడం, తిరిగి డయల్ చేసే మీట తప్పు నంబర్లకు పోవడం గురించి, చెల్లించిన సొమ్ము వాపసు కోరుతూ.

ఆర్యా,

మీ సంస్థ తయారుచేసి అమ్ముతున్న కాలర్ ఐడీ పెట్టెను బరంపురంలోని ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో బిల్లు తీసుకుని కొన్నాను. దాని అట్ట మీద ‘భారతదేశంలోని అన్ని ల్యాండ్‌లైన్లకూ పనికివస్తుంది’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. నా ఫిర్యాదంతా ఆ ఒక్క వాక్యం మీదనే. పెట్టె విరిగిపోయి రాలేదు, కాలిపోలేదు, తెర వెలగకుండానూ లేదు. అది చక్కగా పనిచేస్తుంది గాని, మా దేశపు నంబర్లకు కాదు.

ఈ వస్తువు మాకు ఎందుకు అవసరమైందో ముందుగా చెప్పాలి. నేను పౌరోహిత్యం చేసుకుని బతికేవాణ్ణి. మహేంద్రతనయ నదికి ఇవతల ఒడిశాలోనూ, అవతల పాతపట్నం మొదలుకొని శ్రీకాకుళం దాకా ఆంధ్రలోనూ మాచేత పూజలు చేయించుకునే యజమానుల ఇళ్లు ఉన్నాయి. మా నాన్నగారి కాలం నుంచి వాళ్లందరి దగ్గరా ఉన్నది ఈ ల్యాండ్‌లైన్ నంబరే. నేను వ్రతానికో పుణ్యాహవచనానికో వెళ్లినప్పుడు ఇంట్లో ఫోన్ ఎత్తేది మా అమ్మగారు. ఆవిడకు చెవి కొంత మందగించింది. ఎవరు మాట్లాడారో గుర్తుంటుంది గాని, వాళ్లు చెప్పే పదంకెల నంబరు తప్పు లేకుండా రాసుకోవడం కుదరదు. నంబరు దానంతట అదే తెరమీద నిలిచి ఉంటే, నేను వచ్చాక ఒక మీట నొక్కి తిరిగి మాట్లాడవచ్చునన్నదే ఈ కొనుగోలు వెనక ఉద్దేశం. అట్ట మీద బొమ్మ వేసి మీరు చూపించిన సదుపాయం కూడా అదే.

అమర్చడంలో మా వైపు నుంచి జరగవలసినదంతా జరిగింది. నంబరు చూపే సేవను ఎక్స్ఛేంజిలో దరఖాస్తు పెట్టి మా లైనుకు ఇప్పించుకున్నాము. లైన్‌మేన్ స్వయంగా వచ్చి, గోడనుంచి వచ్చే తీగను మీ పెట్టెలో ‘లైన్’ అని రాసి ఉన్న రంధ్రానికీ, ‘ఫోన్’ అని ఉన్నదాని నుంచి మా ఫోనుకూ కలిపి, తన దగ్గరున్న సెట్టుతో మోగించి చూపించాడు. నంబరు తెరమీదకు వచ్చింది. కొన్ని ఎక్స్ఛేంజీలు గంట మోగకముందే నంబరును డీటీఎంఎఫ్ స్వరాలుగా, అంటే ఫోను మీటలు నొక్కితే వినిపించే ధ్వనులుగా పంపుతాయనీ, మరికొన్ని మొదటి గంటకూ రెండో గంటకూ నడుమ ఎఫ్‌ఎస్‌కే పద్ధతిలో, అంటే రెండు స్వరాలను మార్చిమార్చి సమాచారం పంపే తీరులో పంపుతాయనీ, మీ పెట్టె రెండింటినీ అందుకుంటుందనీ కరపత్రంలో రాశారు. ఆ మాట నిజమేనని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. చిక్కు నంబరు వచ్చిన తర్వాతనే మొదలైంది.

పెట్టెకు కుడివైపున్న మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే తెరమీద ‘ఏరియా కోడ్’ అనే మాటా, దాని పక్కన మూడు చిన్న గీతలూ మినుకుమినుకుమంటూ కనిపిస్తాయి. పై బాణంతో ఒక్కొక్క అంకే మార్చుకుంటూ పోవాలి. పర్లాకిమిడి కోడ్ 06815. ముందున్న సున్నాను వదిలేసినా నాలుగంకెలు మిగులుతాయి. 6 వేశాను, 8 వేశాను, 1 వేశాను. 5 వేయబోయేసరికి మీ పెట్టె కోడ్ పూర్తయిందనుకుని, తెర వెలుతురు ఎంత కావాలని అడగడం మొదలుపెట్టింది. వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించినా నాలుగో అంకెకు చోటు లేదు. ఉన్నవి మూడు గడులు. మా ఊరికి కావలసినవి నాలుగు.

దుకాణదారుని తప్పు ఇందులో ఏమీ లేదని స్పష్టంగా రాస్తున్నాను. ఆయన నా ఎదుటనే తన దుకాణపు ఫోనుకు తగిలించి చూపించాడు, అక్కడ అన్నీ సరిగానే వచ్చాయి. బరంపురం కోడ్ 0680. సున్నా తీసేస్తే మూడంకెలు, స్థానిక నంబరు ఏడంకెలు. మీ పెట్టెలో అచ్చంగా ఆ కొలతకే చోటుంది. విశాఖపట్నం 891, భువనేశ్వర్ 674, నాగపూర్ 712 కూడా అలాగే ఇమిడిపోతాయి. కాని మా వైపు జిల్లా కేంద్రాల సంగతి వేరు. రాయగడ 6856, కోరాపుట్ 6852, మల్కన్‌గిరి 6861, అవతల శ్రీకాకుళం 8942, విజయనగరం 8922, మహారాష్ట్ర సరిహద్దున గడ్చిరోలి 7132, అన్నీ నాలుగంకెల కోడ్‌లే, వాటి స్థానిక నంబర్లు ఆరంకెలవి. పోనీ చిన్న ఊళ్లు మీ లెక్కలోకి రాలేదనుకున్నా, ఢిల్లీ 11, ముంబయి 22, హైదరాబాద్ 40 రెండంకెలవే కదా. ఆ మహానగరాలు కూడా మీ మూడు గడుల్లో సరిగా కూర్చోవు. కోడ్ ఎన్ని అంకెలదైనా స్థానిక నంబరుతో కలిపి మొత్తం పది కావడం మన దేశంలో ఉన్న ఏర్పాటు. మూడంకెల ఏరియా కోడ్, ఏడంకెల స్థానిక నంబరు, దూరపు కాల్‌కు ముందు ఒకటి అన్న ఏర్పాటు ఉత్తర అమెరికాది. అక్కడి ఇళ్ల కోసం రూపొందిన వస్తువు మీద అట్ట మాత్రం మార్చి మాకు అమ్మారని అనుకోక తప్పడం లేదు.

ఈ సంగతి మీ వినియోగదారుల సేవా కేంద్రానికి ఫోన్ చేసి చెబితే, ‘ఏరియా కోడ్ దగ్గర మూడు సున్నాలు పెట్టి వదిలేయండి, అన్నీ సర్దుకుంటాయి’ అని జవాబు వచ్చింది. వారి మాట ప్రకారమే చేశాను. అప్పుడు బయటపడినది మొదటిదానికంటె పెద్ద లోపం. తెరమీద నిలిచిన నంబరుకు తిరిగి మాట్లాడాలని డయల్ మీట నొక్కితే, మీ పెట్టె నంబరుకు ముందు తనంతట తాను ఒకటి చేరుస్తుంది. పక్క మీటతో మార్చుకోవచ్చునని కరపత్రంలో ఉన్నది గాని, మారేది మూడు రకాలుగానే: ఒకటితో కలిపి పదకొండు అంకెలు, వట్టి పదంకెలు, లేదా చివరి ఏడంకెలు. మా ఊళ్లో పక్కవీధికి ఫోన్ చేయాలంటే ఆరంకెలు కావాలి. పొరుగూరికి చేయాలంటే పదంకెల ముందు సున్నా కావాలి. ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కు చేసినా 2021 జనవరి 15 నుంచి ముందు సున్నా చేర్చి తీరవలసిందే. అంటే మాకు అవసరమైన రెండు పద్ధతుల్లో ఒక్కటీ మీరు ఇచ్చిన మూడింటిలో లేదు.

ఆ ఒకటి వల్ల ఎంత అనర్థమో మీ ఇంజనీర్లు ఒకసారి కాగితం మీద వేసి చూడాలని కోరుతున్నాను. మన దేశంలో ఒకటితో మొదలయ్యేవి చాలావరకు అత్యవసర సేవల, ప్రభుత్వ సేవల నంబర్లు. 930తో మొదలయ్యే మొబైల్ నంబరుకు ముందు ఒకటి చేరితే మొదటి నాలుగంకెలు 1930 అవుతాయి, అది సైబర్ నేరాల సహాయ కేంద్రం. 915తో మొదలయ్యేదైతే 1915 అవుతుంది, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం; అంటే నా ప్రమేయం లేకుండానే మీ పెట్టె తన మీద తానే ఫిర్యాదు చేసుకోవడానికి బయలుదేరుతుందన్నమాట. ఇది నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఆపదలో ఉన్నవారికోసం పెట్టిన లైన్లను ఒక ఇంటి మీట ఇలా తట్టడం మంచిది కాదు.

నంబరును చూపే తీరులోనూ ఇదే లోపం. మొత్తం పదంకెలనూ మీ పెట్టె మూడు, మూడు, నాలుగుగా విడగొట్టి నడుమ గీతలు పెడుతుంది. శ్రీకాకుళం నుంచి ల్యాండ్‌లైన్ కాల్ వస్తే కోడ్ 8942 రెండు ముక్కలై, 894 ఒక చోటా, 2 మరొక చోటా పడుతుంది. ముందు సున్నా కనిపించదు. మొబైల్ నంబర్లు ఇప్పుడు 6, 7, 8, 9 అంకెల్లో దేనితోనైనా మొదలవుతున్నాయి గనుక, 8తో మొదలైన ఆ పదంకెలు శ్రీకాకుళం ఇంటి ఫోనువా, ఎవరిదైనా మొబైల్‌వా అన్నది చూసి చెప్పలేము. కోడ్‌ను కోడ్‌గా చూపి ఉంటే, ఫలానా ఊరివాళ్లు అని మా అమ్మగారే గుర్తుపట్టి ఉండేవారు.

మాకు జరిగిన నష్టం డబ్బు రూపంలో ఇంత అని లెక్కకట్టి అడగబోవడం లేదు. అయినా ఒక్క సంగతి రాస్తాను. వైశాఖంలో ముహూర్తం కోసం పాతపట్నం వైపునుంచి ఒక పాత యజమాని నేను లేని వేళ ఫోన్ చేశారు. మా అమ్మగారు ‘అబ్బాయి రాగానే చేయిస్తాను’ అని మాట ఇచ్చి, నేను ఆలస్యమయ్యేసరికి ఆగలేక తానే ఆ మీట నొక్కారు. ఆ నంబరు వాడుకలో లేదన్న ప్రకటన ఒడియాలో వినిపించింది. వాళ్లు ఫోన్ తీసేశారు కాబోలు అని ఆవిడ ఊరుకున్నారు, నాతోనూ ఆ మాటే అన్నారు. వాళ్లు ఒకటి రెండు రోజులు ఎదురుచూసి, మేము పట్టించుకోలేదనుకుని మరొక పురోహితుణ్ణి మాట్లాడుకున్నారు. మూడు తరాలుగా మా ఇంటితో ఉన్న కుటుంబం అది. కనబడినప్పుడు నేను ఎంత వివరంగా చెప్పినా, ‘ఒకటి ఎక్కువ పడింది’ అన్న సంజాయిషీ నమ్మేలా ఉండదు కదా.

గడియారం గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి కాల్ రాగానే తేదీ, సమయం వాటంతటవే సరి అవుతాయని కరపత్రంలో ఉంది. ఎఫ్‌ఎస్‌కే పద్ధతిలో నంబరుతోపాటు తేదీ, సమయం కూడా వస్తాయి గనుక అక్కడ అది నిజం కావచ్చు. మా లైనులో నంబరు గంటకు ముందే వస్తుంది, అంటే డీటీఎంఎఫ్ పద్ధతి; అందులో అంకెలు తప్ప మరేమీ రావు. కాబట్టి చేత్తోనే సరిచేసుకోవాలి, బ్యాటరీ మార్చినప్పుడల్లా జనవరి ఒకటికి పోతే మళ్లీ సరిచేసుకోవాలి. పైగా నెల ముందు, రోజు తర్వాత చూపుతుంది. ఘడియలూ విఘడియలూ లెక్కవేసుకునే ఇంట్లో అయిదో నెల మూడో తేదీని మూడో నెల అయిదు అని చదువుకునేలా చూపే గడియారం ఉండడం కంటె అసలు లేకపోవడం నయం. కరపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ఉండడం మరొక ఇబ్బంది. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఇంటి పెద్దలు చదివేది ఒడియా, తెలుగు.

‘నంబరు కనబడుతోంది గదా, చూసి చేత్తో డయల్ చేసుకోవచ్చు’ అని మీ సేవా కేంద్రంలోని అమ్మాయి చివరిగా అన్నది. ఆమెపై నాకు కోపం లేదు. ఆమె ముందున్న కాగితంలో ఆ జవాబే ఉండి ఉంటుంది. కాని నంబరు మాత్రమే చూపే పెట్టెలు ఇంతకంటె చవకగా దొరుకుతున్నాయి. మీ దానికి అదనంగా చెల్లించినది ఆ డయల్ మీటకూ, ఏరియా కోడ్ అమరికకే. అవి పనిచేయనప్పుడు ఆ అదనపు ధర దేనికి?

కనుక నేను కోరేది ఇది. పెట్టెను మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, బిల్లులో ఉన్న పూర్తి మొత్తాన్ని నాకు తిరిగి చెల్లించాలి. మరొక పెట్టెను మార్చి ఇస్తామంటే నాకు అక్కరలేదు, దానిలోనూ గడులు మూడే ఉంటాయి. ఏరియా కోడ్‌కు రెండు నుంచి నాలుగంకెల దాకా చోటిచ్చి, స్థానిక నంబరు ఎన్ని అంకెలైనా డయల్ అయ్యేటట్టు, ముందు చేరే అంకె ఒకటికి బదులు సున్నా అయ్యేటట్టు మార్చేవరకు, అట్ట మీది ‘అన్ని ల్యాండ్‌లైన్లకూ’ అన్న మాటను తీసివేయాలి. ఇది పెద్ద మరమ్మతేమీ కాదని, అంకెలను ఏ క్రమంలో చదవాలో లోపలి చిప్‌కు చెప్పే విషయమేనని ఇక్కడ టీవీలు బాగుచేసే కుర్రవాడు నాతో అన్నాడు. ఇప్పటికే ఈ పెట్టెను కొన్న నాలుగంకెల కోడ్ ఊళ్లవారికి, మూడు సున్నాలు పెట్టమని కాకుండా, డయల్ మీట వాడవద్దని మీ సేవా కేంద్రం నుంచి స్పష్టంగా చెప్పించాలి.

ఈ లేఖ అందిన 30 రోజుల లోపల జవాబు ఇవ్వగలరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయడానికి నాకు హక్కు ఉంది. ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు. జవాబు రాకపోతే ఆ దారి పట్టవలసి వస్తుంది. మీ ప్రతినిధి ఫోన్ చేసేటట్లయితే ఉదయం ఎనిమిది లోపల చేయమనండి. ఆ తర్వాత నేను ఇంట్లో ఉండను. లేఖ రాసేటట్లయితే తెలుగులోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో రాయవచ్చు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
పర్లాకిమిడి.

జతపరచినవి: బిల్లు నకలు, అట్ట మీద అచ్చువేసిన వాక్యం ఫోటో, మూడు గడుల ఏరియా కోడ్ కనిపిస్తున్న తెర ఫోటో.