గోపాల్‌పూర్ (ఒడిశా) పరుగు దారి గురించి గంజాం జిల్లా అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గోపాల్‌పూర్ తీరాన పరుగు కోసం టైల్స్ బాట వేయించమని కొందరు మిత్రులు మిమ్మల్ని అడగబోతున్నారు. బరంపురం నుంచి వచ్చి అక్కడ పరుగెత్తేవాళ్లలో నేనూ ఒకడిని. అయినా వద్దంటాను.

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అంతకన్నా మంచి బాట ఏముంది? చిక్కల్లా ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉండటమే. దీపస్తంభం దగ్గర బోర్డు పెట్టి ఏ రోజు వేళలు ఆ రోజు రాయించండి. ఒడియాతో పాటు తెలుగులోనూ. 1936లో గంజాం మద్రాసు నుంచి ఒడిశాకు మారినా, ఇక్కడి నోలియాల్లో (సముద్రంలో చేపలు పట్టేవాళ్లలో) చాలామంది ఇంటి భాష ఇప్పటికీ తెలుగే.

పడవలు ఒడ్డుకు చేర్చే చోట, వలలు ఆరబెట్టే చోట పరుగు ఊరి వైపు మళ్లాలి. వల తెగితే ఆ రోజు వేట పోయినట్టే. (ఫోటోల కోసం వలలు తొక్కే పెద్దమనుషుల గురించి వేరే ఉత్తరం రాస్తాను.)

ఉత్తరాన ఋషికుల్య నది ముఖద్వారం వైపు ఫిబ్రవరి నుంచి మే వరకు చీకటి పరుగులు నిషేధించండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టి, పిల్లలు బయటికొచ్చే కాలమది. టార్చి వెలుగుకు పిల్లలు సముద్రం దారి తప్పుతాయి.

ఖర్చే పెట్టాలంటే ఒక మంచినీటి కుళాయి వేయించండి. మాకన్నా వల లాగినవాళ్లకే అది ఎక్కువ అవసరం.

ఇట్లు,
బరంపురం వాసి