వియన్నాలో ఆ రాత్రి తోడొచ్చిన అమ్మకు

డిసెంబర్ 24. వియన్నాలో మధ్యాహ్నం నుంచే షాపులు మూసేశారు. స్టెఫాన్స్‌ప్లాట్జ్ అనే కూడలి దగ్గర పండగ దీపాలు చూస్తుండగా మా పాపకు ఒళ్లు కాలిపోయే జ్వరం. ఎర్ర ‘ఎ’ గుర్తున్న మందుల షాపు కనబడింది గానీ తలుపు వేసుంది. దాని మీద జర్మన్‌లో ఏదో కాగితం. టెన్షన్‌తో నిలబడిపోయాను.

పండగ సంచులతో వెళ్తున్న ఒక పెద్దావిడ ఆగారు. ఆ రాత్రి తెరిచి ఉండే షాపు అడ్రసు ఆ కాగితంలోనే ఉందని చదివి చెప్పారు. చెప్పి వెళ్లిపోలేదు. ఎముకలు కొరికే చలిలో మాతోపాటే నడిచొచ్చారు, బెల్ కొట్టారు, పాప వయసు, బరువు నన్నడిగి లోపలివాళ్లకు చెప్పారు. తన ఉన్ని మఫ్లర్ తీసి పాపకు చుట్టారు. నేను తిరిగిచ్చేలోపే మెట్రో మెట్లు దిగిపోయారు.

అమ్మా, మీ పేరైనా అడగలేకపోయాను. తెల్లారేసరికి జ్వరం తగ్గింది. మఫ్లర్ మా ఇంట్లో భద్రంగా ఉంది. మీకు మా అందరి నమస్కారాలు.