డిసెంబరు 31 రాత్రి మోగే గుడి గంట కోసం విరాళాల విజ్ఞప్తి

టోక్యోలోనూ చుట్టుపక్కలా ఉంటున్న తెలుగు కుటుంబాలకు మన పేట బౌద్ధాలయ కమిటీ తరఫున నమస్కారాలు. కమిటీలో నేనొక్కడినే తెలుగువాణ్ణి. మనవాళ్లకు మన భాషలోనే చెప్పమని పెద్దలు ఈ పని నాకు అప్పగించారు.

పోయిన డిసెంబరు 31 రాత్రి వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వరుస సగం కూడా కదలకముందే గంటను మోదే దుంగ చివర చీలింది. తాడుతో బిగించి కట్టి, మెల్లగా మోదుతూ ఎలాగో 108 మోతలు పూర్తి చేశాం. గంటన్నర చలిలో నిలబడ్డ పిల్లలు తీరా తమ వంతు వచ్చి తాడు పట్టుకుంటే, గట్టిగా లాగొద్దని మేమే ఆపాల్సి వచ్చింది. ఆ పిల్లల ముఖాలు నాకు ఇంకా కళ్లలో మెదులుతున్నాయి. ఈ ఏడు అలా జరగకూడదు.

కొత్తగా వచ్చినవాళ్లకు రెండు మాటలు. ఏడాది చివరి రాత్రి గుడి గంటను 108 సార్లు మోగించే ఈ ఆచారాన్ని ‘జోయా నో కానె’ అంటారు. మనిషిని పట్టి పీడించే క్లేశాలు 108 అని ఇక్కడి నమ్మకం. కళ్లు, చెవులు, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు కలిపి ఆరు. ఒక్కోదానికి సుఖం, దుఃఖం, రెండూ కానిది అని మూడు. వాటిలో మళ్లీ మలినమైనవి, కానివి అని రెండు. భూత భవిష్యద్వర్తమానాలతో గుణిస్తే 108. ఒక్కో మోతకు ఒక్కో క్లేశం వదులుతుందని గంట కొడతారు. చాలా గుళ్లలో 107 పాత ఏడాదిలో, చివరి ఒక్కటి అర్ధరాత్రి దాటాక కొత్త ఏడాదిలో మోగుతాయి. అష్టోత్తరం చదివే ఇళ్లలో పెరిగిన మనకు ఈ అంకె కొత్తేమీ కాదు. నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తోందో ఆ ఆచార్య నాగార్జునుణ్ణి ఇక్కడ ‘ర్యూజు’ అనే పేరుతో జపాన్ బౌద్ధంలోని ఎనిమిది శాఖలకూ మూలపురుషుడిగా కొలుస్తారు.

మా అమ్మ పొన్నూరు నుంచి వచ్చిన ఏడు గంట కింద నిలబడి పైకి చూసి, ‘దీనికి నాలుక లేదేమిట్రా?’ అంది. నిజమే, లోపల నాలుక ఉండదు. బయట అడ్డంగా వేలాడే దుంగతో మోదాలి. దాన్ని శుమోకు అంటారు. గంట కంచు దెబ్బతినకుండా ఎక్కువగా షురో అనే తాళజాతి చెట్టు మొద్దుతో చేస్తారు. మెత్తని చెక్క కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ చివర నలిగి చీలుతుంది. మనకు ఇప్పుడు కొత్త శుమోకు, వేలాడదీసే తాళ్లు, గంట మండపం మీద జారిన పెంకుల మరమ్మతు కావాలి. వడ్రంగి ఇచ్చిన అంచనా కాగితం గుడి కార్యాలయంలో ఉంది. ఎవరైనా చూడవచ్చు.

క్యోటోలోని చియోన్-ఇన్ గంట 1636లో పోసింది, సుమారు 70 టన్నులు. దాన్ని 17 మంది సన్యాసులు కలిసి మోగిస్తారు. మనది చిన్నది. అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ కలిసి లాగితే మోగుతుంది. అందుకే నాకు మన గంటే ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధకాలపు లోహ సేకరణలో జపాన్ అంతటా గుళ్ల గంటలు కరిగిపోయాయి, అందులో మనదీ ఒకటి. ఇప్పుడున్నది యుద్ధం తర్వాత ఈ పేటవాళ్లు చందాలు వేసుకుని మళ్లీ పోయించుకున్నది. చప్పుడని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయడంతో కొన్ని గుళ్లు ఈ మధ్య మధ్యాహ్నమే గంట కొట్టేస్తున్నాయి, కొన్ని మానేశాయి కూడా. మన పేటవాళ్లు మాత్రం రాత్రి మోతనే కోరుకుంటున్నారు.

ఉగాది నాడు ఇక్కడ చాలాసార్లు పిల్లలకు బడి, మనకు ఆఫీసు ఉంటాయి. ఏడాది మారే ఈ రోజుల్లో మాత్రం ఇంటిల్లిపాదికీ సెలవు దొరుకుతుంది. అందుకే ఈ రాత్రి మన కుటుంబాలకూ పండగైంది.

విరాళం కుటుంబానికి 1,080 యెన్లు అనుకున్నాం. ఎక్కువ ఇవ్వగలిగినవారు ఇవ్వండి, తక్కువైనా సంతోషమే. విద్యార్థులు ఇవ్వనక్కర్లేదు, ముందురోజు ఆవరణ ఊడ్చడానికి వస్తే చాలు. కవరు మీద పేరు రాసి, డిసెంబరు 10 లోపు గుడి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. దాతల పేర్లు చెక్క పలకల మీద రాసి మండపం పక్కన కడతాం. మీ పేరు జపనీస్ లిపి కటకానాలో ఎలా రాయాలో కవరు మీదే రాస్తే తప్పులు దొర్లవు. జమాఖర్చులు జనవరి నెలాఖరుకల్లా నోటీసు బోర్డు మీద పెడతాం.

విరాళం ఇచ్చినా ఇవ్వకపోయినా గంట కొట్టే హక్కు అందరిదీ. టోకెన్లు 108. ఆ రాత్రి పదిన్నర నుంచి కుటుంబానికి ఒకటి చొప్పున ఇస్తాం. కొట్టే ముందు, తర్వాత చేతులు జోడించండి. కింద వేడి అమజాకె (బియ్యంతో చేసే తీపి పానీయం), తోషికోషి సోబా (ఏడాది చివరి రాత్రి తినే బక్‌వీట్ పిండి నూడుల్స్) ఉంటాయి. సోబా పులుసులో మామూలుగా చేప పడుతుంది కనుక, శాకాహారుల కోసం కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులతో వేరే గిన్నెలో కాస్తున్నాం. సోబా పిండి పడని పిల్లలుంటే ముందే చెప్పండి. పెద్దవాళ్లకు మండపం పక్కన కుర్చీలు వేయిస్తున్నాం, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తప్పక తీసుకురండి.