శ్రీనివాస్ మాండలిన్‌కి తీగలెన్ని?

సంపాదకుల వారికి,

సెప్టెంబర్ 19న, మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించిన విద్వాంసుడు మాండలిన్ శ్రీనివాస్ వర్ధంతి. ఆ రాత్రి ఒక తెలుగు ఛానల్‌లో నివాళి కార్యక్రమం వేశారు. మన పాలకొల్లు కుర్రాడి గురించి కదా అని భోజనం కూడా మానుకుని కూర్చున్నాను. తెర మీద పడిన బొమ్మ చూస్తే గుండ్రటి పొట్టతో, ఎనిమిది తీగలతో ఉన్న ఇటలీ మాండలిన్! ఆయన వాయించింది అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ అండీ.

నేను సాలిగ్రామంలో ఉంటాను. ఇక్కడి కోడంబాక్కం సినిమా పాటల రికార్డింగుల్లో ఇరవై ఏళ్లు మాండలిన్ వాయించినవాణ్ణి. మామూలు మాండలిన్‌కి నాలుగు జంటల తీగలు. మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది కాబట్టి పిక్‌తో గబగబా కిందకీ పైకీ కొట్టి నిలబెడతాం. సినిమా వాళ్లకు కావలసింది ఆ వణుకే. వెన్నెల, పడవ, విరహం, ఏదొచ్చినా "ఆ మాండలిన్ ఆయన్ని పిలవండి" అని ఒక చిన్న బిట్ వాయించుకుని పంపేసేవారు. తప్పనను, నా ఇల్లు దానితోనే గడిచింది. కానీ గమకానికి, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడానికి, జంట తీగలు ఓ పట్టాన లొంగవు. శ్రీనివాస్ ఒంటి తీగలు పెట్టుకున్నది అందుకే. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని అలాగే పలికించేవాడు. నేర్చింది గొంతు నుంచి కాబట్టే ఆ వాద్యం పాడినట్టుండేది.

ఛానల్ వాళ్లు ఈ సంగతి ఎత్తలేదు సరికదా, ఆయన ఫొటో వెనక మొదటి నుంచి చివరి దాకా కీబోర్డ్‌లోంచి తీసిన వణుకు మాండలిన్ మోగించారు.

హిందీ వాళ్లు నయం. 1995లో 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే'లో షారుఖ్ ఖాన్ చేతికి మాండలినే ఇచ్చారు. దాన్ని మా మనవడు గిటార్ అంటాడనుకోండి, అది వేరే సంగతి. నేను ఒక టీవీ పాటల పోటీకి వాయించడానికి వెళితే, నా బిట్ వచ్చినప్పుడల్లా కెమెరా కీబోర్డ్ అబ్బాయి మీదికి పోయింది. ప్రసారమయ్యాక మా ఆవిడ, "మీరెక్కడున్నారండీ?" అంది.

మీ ఆదివారం అనుబంధంలో ఎప్పుడైనా శ్రీనివాస్ గారి మీద వ్యాసం వేస్తే, పక్కన వేసే బొమ్మలో తీగలు ఒకసారి లెక్కపెట్టించండి. అయిదుండాలి.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
సాలిగ్రామం, చెన్నై