మధ్యాహ్నం పూట ఆగిపోతున్న సోలార్ ఇన్వర్టర్‌పై ఫిర్యాదు

తెనాలి,
12 మే 2025.

సర్వీసు విభాగం మేనేజరు గారికి,

విషయం: 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) ఇన్వర్టర్ పదేపదే ట్రిప్ కావడం, యాప్ హెచ్చరికలు యజమానికి అందకపోవడం గురించి.

ఆర్యా,

పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీతో, గత నవంబరులో మీ అధీకృత డీలరు మా డాబా మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు బిగించి, మెట్ల గదిలో మీ ఇన్వర్టర్ పెట్టారు. మార్చి నెలాఖరు వరకు రోజుకు సగటున 13 యూనిట్లు వచ్చేవి. ఏప్రిల్ 2 నుంచి 8కి పడిపోయాయి. మే మొదటి వారంలో కరెంటు బిల్లు వచ్చి, గ్రిడ్‌కు వెళ్లిన యూనిట్లు తగ్గాయని చూసుకునేదాకా ఈ సంగతి నాకు తెలియనే లేదు.

తెలియకపోవడానికి కారణం మీ డీలరు చేసిన ఏర్పాటే. ఇన్వర్టర్ సమాచారాన్ని ఫోన్ యాప్‌కు పంపే వైఫై డాంగిల్‌ను వారి టెక్నీషియన్ తన ఫోన్ నంబరుతో నమోదు చేశారు. ఆయన ఉద్యోగం మానేశారు. హెచ్చరికలు మాత్రం ఇప్పటికీ ఆయన ఫోన్‌కే పోతున్నాయి. నాకు ఇచ్చిన ఖాతాలో రోజువారీ గ్రాఫు తప్ప అలారాల పేజీ కనిపించదు. ఆ పాత గ్రాఫులు ఒక్కొక్కటే తీసి చూస్తే, ఉదయం నుంచి కొండలా లేచిన గీత పదకొండు నుంచి రెండు గంటల మధ్య పళ్లు ఊడిన దువ్వెనలా ఉంది. మే 8, 9 తేదీల్లో ఆ వేళకు నోటు పుస్తకంతో ఇన్వర్టర్ ముందే నిలబడ్డాను. తెర మీద వోల్టేజి 253 దాటగానే "గ్రిడ్ ఓవర్ వోల్టేజి" (లైనులో వోల్టేజి ఎక్కువైంది) అని చూపి ఆగిపోవడం, కొన్ని నిమిషాలకు మళ్లీ అందుకోవడం, మళ్లీ ఆగిపోవడం. ఇంట్లో నీళ్ల మోటారు వేసినంతసేపు మాత్రం ఆగకుండా నడిచింది.

మీ టోల్‌ఫ్రీ సిబ్బంది ఇది కరెంటు ఆఫీసు తప్పని చెప్పి ఫిర్యాదు మూసేశారు. మే 10న లైన్‌మన్ గారు వచ్చి గేటు దగ్గరి మీటరు వద్ద కొలిస్తే 246 వోల్టులు ఉంది. అదే నిమిషంలో ఇన్వర్టర్ తెర 254 చూపింది. అంటే ఆ 8 వోల్టుల తేడా మా ఇంట్లోనే, మీటరుకూ ఇన్వర్టర్‌కూ మధ్య మీ డీలరు లాగిన సుమారు 35 మీటర్ల కేబుల్‌లోనో దాని బిగింపుల్లోనో ఉంది. ఇన్వర్టర్ కింద ఆ కేబుల్ కలిసే ఏసీ కనెక్టర్ ప్లాస్టిక్ ఒక పక్క గోధుమ రంగుకు తిరిగి, దగ్గరికి వెళితే కాలిన వాసన వస్తోంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. ఆ సాయంత్రమే ఇన్వర్టర్ రెండు స్విచ్చులూ ఆపేశాను. నేటికీ తిరిగి వేయలేదు.

వోల్టేజి పరిమితిని 270కి పెంచితే సరిపోతుందని మీ సిబ్బంది ఒకరు ఫోన్‌లో అన్నారు. దానికి నేను ఒప్పుకోను. ఇన్వర్టర్ తనకు చేతనైనంతలో ప్రమాదాన్ని చెబుతుంటే, దాని నోరు నొక్కడం మరమ్మతు కాదు.

కాబట్టి వారం రోజుల్లోగా మీ ఇంజినీరును పంపి, ఆ కనెక్టర్‌ను వారంటీ కింద మార్పించి, కేబుల్ మందం, బిగింపులు పరీక్షించి, వాటి కొలతలు నాకు రాతపూర్వకంగా ఇవ్వండి. ప్లాంటు ఖాతాను పాత సమాచారం పోకుండా నా నంబరు మీదికి మార్చి, ఏప్రిల్ 1 నుంచి నమోదైన అలారాల చిట్టా పంపండి. మే 10 వరకు నేను నష్టపోయిన దాదాపు 190 యూనిట్లకు, ఇన్వర్టర్ ఆపి ఉంచిన రోజులకు పరిహారం ఎలా ఇస్తారో కూడా తెలియజేయండి. గ్రాఫుల ప్రతులు, కనెక్టర్ ఫొటోలు, బిల్లు నకలు జతచేస్తున్నాను.

భవదీయుడు,
(సంతకం)