ఆకుల పేర్లు రాసుకెళ్తే సరిపోదు

సంపాదకుల వారికి,

పురుగుమందుగా పనికొచ్చే మొక్కల వివరాల కోసం మా మెళియాపుట్టి వైపు సవర గిరిజన గూడేలకు అప్పుడప్పుడూ పరిశోధక విద్యార్థులు వస్తుంటారు. పెద్దల్ని కూర్చోబెట్టి అడుగుతారు, ఫొటోలు తీసుకుంటారు, వెళ్లిపోతారు. చివరికి ఏం తేలిందో ఆ చెప్పినవాళ్లకు ఎవరూ చెప్పరు. ఇంగ్లీషు థీసిస్‌గా ఏ బీరువాలోనో ఉంటుంది కాబోలు.

విత్తనాల్లో ఎండిన వేపాకు, వావిలాకు కలపడం, పొలంలో నూనె తీసిన కానుగ చెక్క చల్లడం అందరికీ తెలిసినవే. ఆకు లేతదా ముదురుదా, ఏ కాలంలో కోయాలి, ఎంతసేపు నానాలి? అసలు కిటుకంతా అక్కడుంది. వేప గింజల కషాయమే చూడండి. 100 లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి లెక్కన రాత్రంతా నానబెట్టి, మర్నాడు సాయంత్రం కొట్టాలి. అందులో పురుగుల మీద పనిచేసే అజాడిరక్టిన్ అనే పదార్థం ఎండకు త్వరగా చెడిపోతుంది. మిట్టమధ్యాహ్నం కొట్టేసి వేపను తిట్టేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు!

చెట్టు మందైతే చాలు, భయం లేదనుకోవడమూ తప్పే. ముషిణి గింజలో స్ట్రిక్నిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. ఉమ్మెత్తా విషమే. ప్రకృతి సేద్యంలో వాడే అగ్ని అస్త్రం కషాయంలో వేసే పొగాకు రసం చర్మానికి తగిలినా ప్రమాదమే. మోతాదు ఎంత, కూరగాయల మీద కొట్టాక ఎన్నాళ్లకు కోయొచ్చు అన్నవి పరీక్షల్లో తేలాలి. నైర వ్యవసాయ కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం జిల్లాలోనే ఉన్నాయి. వరిలో సుడిదోమ మీద, జీడితోటల్లో టీ దోమ మీద ఈ కషాయాలను గూడెం రైతుల పొలాల్లోనే, వాళ్లను పక్కన పెట్టుకుని పరీక్షించాలి.

ఇంకో సంగతి. వేపనూనెతో చేసే తెగుళ్ల మందుకు 1994లో యూరప్‌లో పేటెంటు ఇచ్చేశారు. మనవాళ్లు పోరాడితే 2000లో రద్దయింది, అప్పీలు కూడా ముగిసేసరికి 2005 వచ్చింది. ఇలాంటివి జరగకూడదనే 2002 జీవవైవిధ్య చట్టం స్థానిక సంస్థల్లో కమిటీలు వేసి, ఊరి మొక్కలు, వాటి వాడకం నమోదయ్యే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయమంది. ఆ రిజిస్టర్ సంగతి మా పంచాయతీలో అడిగి చూడండి, ఎంతమందికి తెలుసో!

చెప్పినవాళ్ల అనుమతి లేకుండా ఏదీ అచ్చు వేయకూడదు. వాళ్లు ఒప్పుకుంటే పేర్లు కూడా రాయాలి. ఫలితాన్ని గూడెంలో సభ పెట్టి తెలుగులోనూ, సవరలోనూ చదివి వినిపించాలి. సవర నేర్చుకుని ఆ భాషకు నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారిది ఈ ప్రాంతమే కదా, మనకు చేతకాని పనేం కాదు. ఆ సభ జరిగినట్టు గ్రామసభ సంతకం చేసిన కాగితం చూపిస్తేనే థీసిస్ తీసుకోవాలని విశ్వవిద్యాలయాలు నిబంధన పెట్టాలి.

— ఒక జీడి రైతు,
మెళియాపుట్టి మండలం, శ్రీకాకుళం జిల్లా