సముద్రం ఆమ్లం కాలేదు, చేపకు ఊపిరాడటం లేదు

సంపాదకులు గారికి,

పది రోజుల క్రితం మీ జిల్లా సంచికలో ‘ఆమ్లంగా మారిన సముద్రం’ అనే శీర్షికతో వచ్చిన వార్తకు సవరణ వేస్తారేమోనని ఎదురుచూసి, ఇక ఉండబట్టలేక ఈ లేఖ రాస్తున్నాను. ఆ ఆదివారం మా పటమటలో చేపలమ్మే ఆమె, మంచులో అలాగే మిగిలిపోయిన చందువలను చూపించి, “సముద్రం చేప తింటే కడుపులో పుండు పడుతుందంట గదా మాస్టారూ?” అని నన్నే నిలదీసింది. ముప్పయ్యేళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి, నాకు సిగ్గేసింది.

పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2గా ఉన్న సముద్రపు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి, ఇప్పుడు 8.1 దగ్గరకు దిగింది. 7కు పైన ఉన్నది క్షారమేనని పదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అలాగని ఆ 0.1ని తీసిపారేయడానికీ లేదు, ఆ కొలమానంలో అది హైడ్రోజన్ అయాన్లు సుమారు 26 శాతం పెరగడంతో సమానం. రక్తంలో ఆమ్లత పెరగకుండా చేప తన మొప్పల గుండా అయాన్లను బయటికి నెట్టి, బైకార్బొనేట్‌ను నిలవ చేసుకుంటుంది. అందుకు ఖర్చయ్యే శక్తి ఒంటి ఎదుగుదలకో, గుడ్లకో పోవలసింది. మొప్పలు ఇంకా సరిగా ఏర్పడని పిల్లలకు ఆపాటి వెసులుబాటు కూడా ఉండదు.

చేపల చెవిరాళ్లు కరిగిపోతున్నాయని కూడా మీ విలేకరి రాశారు. తలకాయ పులుసు తింటుంటే పంటి కింద కటుక్కుమనే తెల్లటి రాయే అది. 2009లో వెలువడిన ఒక కాలిఫోర్నియా పరిశోధనలో, కార్బన్ డయాక్సైడ్ పెంచిన నీటిలో ఒక జాతి చేపపిల్లల చెవిరాళ్లు కరగకపోగా మామూలు కంటే పెద్దవయ్యాయి. ఆమ్లతకు పెంకు దెబ్బతినే ఆల్చిప్పల కథను తెచ్చి చేపలకు అంటగట్టడం తగదు. ఒకప్పుడు ఇలాంటి వార్త వేసే ముందు ఉపసంపాదకులు మా కళాశాలకు ఫోన్ చేసి అడిగేవారు.

మీరు ఒక్క వాక్యంతో దాటేసిన వేడే అసలు ప్రమాదం. శీతలరక్త జీవి కాబట్టి నీరు వేడెక్కేకొద్దీ చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది, అదే వేడికి నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువేమో తగ్గుతుంది. ప్రాణవాయువు తగ్గితే చేపకు ఏమవుతుందో తెలియడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తెల్లవారుజామున చెరువులో శీలావతులు, బొచ్చెలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే లుంగీ ఎగగట్టుకుని ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) స్విచ్ దగ్గరకు ఎందుకు పరుగెత్తుతాడో కైకలూరు రైతును అడగండి. సముద్రానికి ఏరేటర్లు లేవు కాబట్టి ఈదగలిగిన చేప వేరే నీళ్లు వెతుక్కుంటుంది, గుడ్డు మాత్రం పడ్డచోటే ఉంటుంది.

ఇక అదే వార్తలో, వేటలో చేపలు తగ్గడానికి వాతావరణ మార్పే కారణమని, తాము చేయగలిగిందేమీ లేదని ఒక అధికారి సెలవిచ్చారు. అంటే వల కన్ను మరీ చిన్నదైనా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే నిషేధకాలంలో దొంగచాటుగా పడవలు కదిలినా, మురుగు కాలువల్లో ఏది కలిసినా తప్పు సముద్రానిదేనన్నమాట! ఇన్ని తప్పులకూ ఒకటే సెలవుచీటీ దొరికింది. మన తీరపు నీటిలో ఉష్ణోగ్రత, ప్రాణవాయువు ఎవరైనా నమోదు చేస్తున్నారా అని ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే ముగ్గురి చేతులు మారింది. నాలుగో ఆయన “ఎన్ని చేపపిల్లలు కావాలండీ?” అన్నారు.

సవరణ వేసేటట్లయితే ఆ శీర్షికకు వాడినంత పెద్ద అక్షరాల్లోనే, అదే పేజీలో, దయచేసి శనివారం వేయించండి. మా చేపలమ్మే ఆమె ఆదివారానికి సరుకు ముందురోజే చెప్పుకోవాలి.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
పటమట, విజయవాడ